సామాను నొద్ద నిలిచినవారు

సైనిక శిక్షణకాలమందు కుటుంబము వెంట వెళ్లవలెనా, నిలిచిపోవలెనా?

చదువవలసిన లేఖనభాగములు: సంఖ్యాకాండము 32, 1 సమూయేలు 27:1–7, 30:1–25, 1 కొరింథీయులకు 7:5, 2 తిమోతి 2:3–4.

గడచిన వేసవిలో ఒక దంపతులు మమ్మును చూడవచ్చిరి. భర్త భారత సైన్యములో మేజరు. నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో నున్న రక్షణదళముల స్టాఫ్ కళాశాలలో శిక్షణకు ఆయన ఎన్నికయ్యెను. అది ఏడాదికి కొంచెము తక్కువ కాలము. అక్కడ కుటుంబములతో నివసించుటకు వసతి కలదు. వచ్చు అధికారులలో పలువురు భార్యాబిడ్డలతోనే వచ్చుదురు. భార్య కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయిని. పెద్దమ్మాయి పదవ తరగతికి వచ్చినది. చిన్నవాడు రెండవ తరగతి. ఇంటిలో అత్తగారు మధుమేహముతో బాధపడుచు దినమునకు రెండు మారులు ఇన్సులిన్ సూది వేయించుకొనుచున్నది. అంతకుముందు రెండేండ్లు భర్త సరిహద్దు ప్రాంతమందుండగా ఈ యింటిని కోడలే ఒంటరిగా నడిపినది.

ఇంటి ప్రార్థనలో పెద్దలు రెండు పక్షములైరట. మేనమామగారు ఆదికాండము రెండవ అధ్యాయము తెరచి, దంపతులు ఏకశరీరము గనుక భార్య వెంట వెళ్లవలసినదే యనెను. సంఘపు పెద్ద యొకరు రెండవ తిమోతి పత్రిక తెరచి, సైనికునికి శిక్షణకాలమున సంసారపు చిక్కులు తగవనెను. “అయ్యగారూ, రెండును వాక్యమే గదా. మేము దేనికి లోబడవలెను?” అని ఆమె యడిగెను.

ఆ దినమున నేను జవాబు చెప్పలేదు. కొంత వ్యవధి కోరితిని. దానికి కారణము కలదు.

సుమారు పదునారు సంవత్సరముల క్రిందట ఇటువంటి ప్రశ్నతోనే మరియొక కుటుంబము నా యొద్దకు వచ్చియుండెను. భర్త హవల్దారు. మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటుకు దీర్ఘకాలపు సాంకేతిక శిక్షణకై పోవలసియుండెను. ఊరిలో అద్దెగది తీసికొని భార్యను, ఏడు నెలల బిడ్డను వెంట తీసికొనిపోవలెనా అని అడుగవచ్చిరి. నేనప్పుడు అనువాదపు పనిలో తలమునకలై యుంటిని. గడప దగ్గరనే నిలిచి, తిమోతి పత్రికలోని అదే వచనము చెప్పి, శిక్షణ ముగియువరకు అమ్మాయి పుట్టింట నుండుట మేలని పంపివేసితిని. ఐదు నిమిషములు కూడ పట్టలేదు. ఆ యువకుడు తిరిగివచ్చునప్పటికి బిడ్డకు నడక వచ్చినది, మాటలు వచ్చినవి; తండ్రిని చూచి ఏడ్చి అమ్మమ్మ కొంగు చాటున దాగినది. పసిపిల్లలకు అది సహజమే, పది దినములలో సర్దుకొనును. భార్యాభర్తల నడుమ పుట్టిన మౌనము మాత్రము అంత త్వరగా పోలేదు. ఆమె వెంట వెళ్లవలెనని ఎంతో కోరుకొనినదట. నేను ఆమెను అడుగనేలేదు. ఆమె వైపు చూచినట్లును జ్ఞాపకము లేదు.

అప్పుడు చేయవలసిన అధ్యయనమును ఆలస్యముగా ఇప్పుడు చేయుచున్నాను.

ఈ ప్రశ్న ఎవరికి వచ్చును?

క్రొత్తగా సైన్యములో చేరు యువకునికి ఈ ప్రశ్న రాదు. 2022లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము క్రింద చేరువాడు అవివాహితుడై యుండవలెను. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ప్రవేశించువారును అట్టివారే. వారి యిల్లు బ్యారకు, వారి గడియారము బ్యూగిలు. తలిదండ్రులు వారిని చూచునది సెలవులలోను, శిక్షణాంతపు కవాతు దినమునను మాత్రమే.

అప్పటికే సేవలో నుండి, పెండ్లియై, బిడ్డలు కలిగినవారికే ఈ చిక్కు వచ్చును. సైనికుని చదువు ఒక్కసారితో ముగియునది కాదు. ఫిరంగిదళమువారు నాసిక్ దగ్గర దేవ్‌లాలీకి, కాల్బలపు అధికారులు మౌకు, సాంకేతిక విభాగపువారు సికిందరాబాదుకు, పూనాకు మరల మరల పోవుచుందురు. సికిందరాబాదులోనే 1970లో స్థాపింపబడిన రక్షణ నిర్వహణ కళాశాలకు ఎంతో అనుభవముగల అధికారులు వచ్చి చదువుకొందురు. కొన్ని శిక్షణలు కొన్ని వారములలో ముగియును. కొన్నింటికి ఏడాది, ఇంజనీరింగు పట్టా చదువైనచో అంతకంటె ఎక్కువ. వారముల శిక్షణకు ఇల్లు కదల్చుట ఎవరును తలపెట్టరు. పది పన్నెండు నెలల శిక్షణయే మనస్సును రెండుగా చీల్చునది.

ఇంకొక సంగతి కలదు. మన సంఘములలో పలువురు దీని నెరుగరు. సైనికుని నియామకము ‘ఫీల్డు’ ప్రాంతమైనచో అక్కడికి భార్యాబిడ్డలను తీసికొనిపోరాదు. అట్టి కాలములో కుటుంబము స్వగ్రామమందో, ఎడబాటు కుటుంబములకై కొన్ని స్టేషన్లలో నుంచిన క్వార్టర్లలోనో నివసించును. అందుచేత కొందరికి రెండు సరిహద్దు నియామకముల నడుమ వచ్చు శిక్షణ సంవత్సరమే కలిసియుండదగిన ఏకైక సంవత్సరము. “శిక్షణకే గదా, సంవత్సరము ఓర్చుకొనలేరా?” అని ఊరిలోనివారు తేలికగా అందురు. వారు లెక్కించునది ఒక సంవత్సరము. ఆ యిల్లాలు లెక్కించునది దాని ముందరి రెండును, వెనుక రాబోవు రెండును కలిపి.

తెలుగువారికి ఇది నిన్న మొన్న వచ్చిన ప్రశ్న కాదు. ఉత్తర సర్కారుల జిల్లాల నుండి కుంపిణీ సైన్యములో చేరినవారు ఎంత విస్తారముగా నుండిరనగా, వంగదేశములో సిపాయికి ‘తెలింగా’ యను పేరే వాడుకయైనది. వంగ సైన్యపు సిపాయీలు సాధారణముగా కుటుంబములను స్వగ్రామములలో విడిచి పోవుచుండగా, మద్రాసు సైన్యపు సిపాయీలు భార్యాబిడ్డలతోను, ముసలి తలిదండ్రులతోను స్టేషను నుండి స్టేషనుకు సాగిపోయెడివారు. సముద్రముదాటి బర్మా యుద్ధమునకు పోవలసి వచ్చినప్పుడు మాత్రము వారిని విడువక తప్పలేదు. నేటికిని పశ్చిమ గోదావరిలో ‘మిలిటరీ మాధవరము’ అని పేరు పడిన ఊరిలో ఈ ప్రశ్న ఎరుగని యిల్లు అరుదు.

మోషే సరిదిద్దిన వరుస

సంఖ్యాకాండము 32వ అధ్యాయములో రూబేనీయులును గాదీయులును మంద విస్తారముగా గలవారై, యొర్దానుకు తూర్పుననున్న గిలాదు ప్రాంతమును కోరిరి. సహోదరులు యుద్ధమునకు పోవుచుండగా మీరిక్కడ కూర్చుందురా అని మోషే కోపగించెను. అప్పుడు వారొక ఏర్పాటు చెప్పిరి: పురుషులు ఆయుధములు ధరించి ముందు నడతురు, కుటుంబములు ఇక్కడ ప్రాకారముగల పట్టణములలో నుండును.

16వ వచనమును 24వ వచనముతో పోల్చి చూడవలెనని చదువరులను కోరుచున్నాను. ఆ గోత్రములవారు మొదట చెప్పినది మందలకు దొడ్లు. తరువాత చెప్పినది పిల్లలకు పట్టణములు. మోషే ఒప్పుకొనుచు ఆ మాటనే తిప్పి చెప్పెను: మొదట పిల్లలకు పట్టణములు, తరువాత మందలకు దొడ్లు. ఆయన వారిని గద్దింపలేదు, వరుస మార్చెను. 26వ వచనములో వారు మరల పలికినప్పుడు పిల్లలును భార్యలును ముందుకు వచ్చిరి, మందలు వెనుకకు పోయినవి. పూర్వపు యూదా వ్యాఖ్యాతలును ఈ మార్పును గుర్తించిరి. ఇక్కడ ‘పిల్లలు’ అని మనము చదువు మాటకు హెబ్రీ మూలము ‘టఫ్’. చిన్న అడుగులు వేయువారు, ప్రయాణములో వెనుకబడువారు అను భావము దానికి చెప్పుదురు.

నేడు మందలు లేవు. వాటి స్థానములో సొంత యింటి అప్పు, అద్దె భత్యము, ప్రమోషను, స్థలము రిజిస్ట్రేషను ఉన్నవి. వాటిని గూర్చి మాటలాడుట తప్పు కాదు. మోషే కూడ దొడ్లు కట్టవద్దని చెప్పలేదు. ఐతే దంపతులు కూర్చుండి మాటలాడినప్పుడు మొదటి గంట దేనికి పోయినదో తమలో తాము అడిగి చూచుకొనవచ్చును.

ఆ యెడబాటు ఎంతకాలము సాగెను? యెహోషువ 14వ అధ్యాయములో కాలేబు చెప్పిన లెక్క నుండి గ్రహింపవచ్చును. వేగుచూచునప్పుడు అతనికి 40 ఏండ్లు. దేశమును పంచునప్పుడు 85. నడుమనున్న 45 ఏండ్లలో అరణ్యసంచారమునకు సుమారు 38 పోగా మిగిలినది ఏడేండ్లు. ఏడేండ్లు ఆ స్త్రీలు, పిల్లలు యొర్దాను ఆవల నిలిచిరి.

వారిని ఎవరు కాచిరి? సంఖ్యాకాండము 26 ప్రకారము రూబేనీయుల యోధులు 43,730; గాదీయులు 40,500; మనష్షీయులు 52,700, వారిలో సగము 26,350. మొత్తము 1,10,580. యెహోషువ 4:13లో ఆయుధములు ధరించి యొర్దాను దాటినవారు సుమారు 40,000. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచిన యెడల డెబ్బదివేలమంది పురుషులు వెనుక నిలిచిరని తెలియుచున్నది. ప్రాకారము మాత్రమే కాదు, మనుష్యులును ఉండిరి. వారు పిరికివారని గ్రంథము చెప్పదు. యుద్ధము ముగిసిన పిమ్మట యెహోషువ, తిరిగిపోవువారితో దోపుడుసొమ్మును సహోదరులతో పంచుకొనుడని చెప్పి పంపెను (22:8).

“భార్య ఊరిలోనే ఉండవలెను” అని సలహా ఇచ్చు సంఘము ఈ లెక్కను మరువరాదు. నిలిచిపొమ్మని చెప్పుట సులభము. ఆమె చుట్టు నిలుచుట అంత సులభము కాదు. మందుల చీటీ పట్టుకొని అంగడికి పోవువాడు, పిల్లవాని జ్వరమునకు అర్ధరాత్రి ఆటో పిలుచువాడు, ఫీజు కట్టు దినమున బ్యాంకు వరుసలో నిలుచువాడు కావలెను. ఊరియా సంగతి కూడ ఇక్కడనే తలచుకొనవలసియున్నది. అతడు దండులో ఉండగా అతని భార్య యెరూషలేములో, రాజనగరు కనుచూపు దూరములోనే ఉండెను. కాపాడవలసిన మేడపైనుండియే అపాయము వచ్చినది. దీనిని నేను విస్తరింపను.

సిక్లగు

రెండవ ఉదాహరణము దీనికి భిన్నము. 1 సమూయేలు 27లో దావీదు ఆరువందలమందితో గాతునకు పోయినప్పుడు ప్రతివాడును తన యింటివారిని వెంటబెట్టుకొని పోయెను. దావీదుతో అహీనోయమును, అబీగయీలును ఉండిరి. రాజధానిలో నుండుట కుటుంబములకు యుక్తము కాదని కాబోలు, అతడు ఆకీషును వేరొక ఊరు అడిగెను. సిక్లగు దొరికెను. ఆ దేశమందు వారు ఒక సంవత్సరము నాలుగు నెలలు కాపురముండిరి. వెల్లింగ్టన్ శిక్షణ కంటె కొంచెము ఎక్కువ!

అబీగయీలును గూర్చి కొంత నిలిచి ఆలోచింతము. ఆమె మొదటి భర్తకు మూడువేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు ఉండెను. ఆమె మాట వలన ఒక ఊరు రక్తపాతము నుండి తప్పించుకొనెను. అట్టి యిల్లాలు గాడిదనెక్కి, ఐదుగురు పనికత్తెలతో దావీదు యొద్దకు వచ్చినది. పిమ్మట గాతు, పిమ్మట సిక్లగు, పిమ్మట హెబ్రోను: గ్రంథము పేరుపెట్టి చెప్పినవే మూడు మకాములు. సిక్లగులో ఆమె తెలివిని ఎవరైన అడిగిరా? గ్రంథము మౌనముగా ఉన్నది. క్రొత్తచోటికి వచ్చిన ఉపాధ్యాయిని, నర్సు, గుమాస్తా, తన పనికిని పేరుకును దూరమై ‘ఫలాని అధికారి భార్య’ యని మాత్రమే పిలువబడునప్పుడు ఈ మౌనము వారికి తెలియును. భర్త వారిని ప్రేమింపడని కాదు. శిక్షణలో నున్నవాడు ఇంట నుండియు ఇంట ఉండడు. పగలు తరగతులు, సాయంత్రము ఆటలు, రాత్రి మరునాటికి వ్రాయవలసిన కాగితములు. వెంట వచ్చిన భార్యకు పుట్టింట నిలిచిన దానికంటె ఎక్కువ ఒంటరితనము కలుగుట నేను విన్నాను.

వెంట తీసికొనిపోయిన మాత్రమున క్షేమము కలుగునను హామీ కూడ లేదు. పురుషులందరు ఆఫెకు వైపు పోయి, మూడవ దినమున తిరిగివచ్చునప్పటికి సిక్లగు కాలిపోయియుండెను; స్త్రీలను, చిన్నలను పెద్దలను అమాలేకీయులు చెరగొనిపోయిరి. ఇక ఏడ్చుటకు శక్తి లేకపోవునంతగా వారేడ్చిరి. తమ నాయకుని రాళ్లతో కొట్టవలెనని మాటలాడుకొనిరి. ఇక్కడ ఒక పోలిక గమనింపుడు: యొర్దాను తూర్పున కుటుంబములను విడిచి పోయినను కాచువారుండిరి, సిక్లగులో కుటుంబములను వెంట తెచ్చుకొనియు ఒక్క కావలివానినైన నిలిపినట్లు కనబడదు. దూరము ఎక్కువయా తక్కువయా అనునది ఒక్కటే ప్రశ్న కాదు.

దావీదు దేవునియందు ధైర్యము తెచ్చుకొని వెంబడించెను. బెసోరు వాగునొద్ద రెండువందలమంది అలసి నిలిచిపోయిరి. నాలుగువందలమంది పోయి, పోయినవారినందరిని విడిపించి తెచ్చిరి. అప్పుడు కొందరు దుష్టులు, నిలిచిపోయినవారికి వారి భార్యాబిడ్డలనే గాని సొమ్ము ఇయ్యకూడదనిరి. దావీదు దానిని త్రోసివేసి, యుద్ధమునకు పోయినవానికిని, సామాను నొద్ద నిలిచినవానికిని భాగము సమానమని తీర్చెను. అది ఇశ్రాయేలులో కట్టడయైనది.

‘సామాను’ అని మనము చదువు మాటకు హెబ్రీలో ‘కేలీమ్’ అని యున్నది. అనువాదకుని ఇబ్బందిపెట్టు మాటలలో ఇదొకటి. అది వంటపాత్ర కావచ్చును, పనిముట్టు కావచ్చును, మూట కావచ్చును, ఆయుధమును కావచ్చును. తెలుగులో అన్నిటికి సరిపడునది ‘సామాను’ అను మాటయే. మన పెద్దలు మంచి మాటనే ఎన్నుకొనిరి. వంటసామాను, యుద్ధసామాను, ఇంటిసామాను! భర్త శిక్షణకు పోయిన తరువాత ఇంట మిగిలినది అంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది. నిలిచినవారు ఏ పనియు చేయలేదని ఆ దుష్టుల వాదము. అదే వాదము నేడు మృదువుగా వినబడును: “ఆయన కష్టపడుచున్నాడు, నీవు ఇంటనే ఉన్నావు గదా.” శిక్షణ ముగిసి బిరుదు, ప్రమోషను వచ్చిన దినమున అందులో ఆమె భాగము ఎంత? దావీదు చెప్పిన లెక్క ప్రకారము సగము.

‘జీవన వ్యాపారములు’

ఇక తిమోతి పత్రిక. నేను తొందరపడి వాడిన వచనము ఇదియే. సైనికుడు ‘జీవన వ్యాపారములలో’ చిక్కుకొనడని మన తెలుగు బైబిలులో నున్నది. ‘వ్యాపారము’ అను మాట పూర్వపు తెలుగులో ఏ పనికైనను, ప్రవర్తనకైనను చెల్లెడిది. అందుచేత బ్రదుకునకు సంబంధించినదంతయు, అనగా భార్యయు బిడ్డలును కూడ, అందులో చేరునని మనవారు అనుకొందురు. గ్రీకు మూలములోని ‘ప్రగ్మతేయా’ ముఖ్యముగా జీవనోపాధికై చేయు క్రయవిక్రయములు, వృత్తి వ్యవహారములు. లూకా 19వ అధ్యాయపు ఉపమానములో దాసులకు మినాలిచ్చి వ్యాపారము చేయుడని యజమానుడు చెప్పినప్పుడు వాడబడిన క్రియ దీని చుట్టమే. సైనికుడు ప్రక్కన అంగడి పెట్టుకొనడని పౌలు భావము. భార్యను చిక్కు అని ఆయన ఇక్కడ అనలేదు. కేఫాయు, ప్రభువు సహోదరులును భార్యలను వెంటబెట్టుకొని తిరుగుటను ఒక హక్కుగా చెప్పినవాడు ఆయనయే (1 కొరింథీ. 9:5).

ఆ కాలపు రోమా చట్టము సామాన్య సైనికునికి వివాహమును నిషేధించెను. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి దినములలో గాని (క్రీ.శ. 193–211) ఆ నిషేధము సడలలేదు. ఐనను కోటల చుట్టు కుటుంబములు వెలసినవి. అధికారుల భార్యలు బహిరంగముగానే వెంట నుండిరి. బ్రిటనుకు ఉత్తరపు అంచున విందోలాండా అను కోటస్థలములో 1985లో ఒక పలుచని కొయ్యరేకు దొరికినది. క్లాదియా సెవెర అను స్త్రీ, ఆ కోట అధిపతి భార్యయైన సుల్పీకియా లెపిదీనను తన పుట్టినదినపు పండుగకు పిలుచుచు సుమారు క్రీ.శ. 100లో పంపిన జాబు అది. సామ్రాజ్యపు చివరి కోటలో ఇద్దరు సైనికుల భార్యలు ఒకరినొకరు చూడగోరిరి! ఇటలీ పటాలపు శతాధిపతియైన కొర్నేలి ఇంటిలో యింటివారును, బంధువులును, స్నేహితులును కూడియుండగా పేతురు వచ్చెనని అపొస్తలుల కార్యములు చెప్పుట ఈ వెలుగులో చదువవలెను. అన్యజనులకు సువార్త ద్వారము తెరువబడినది ఒక సైనికుని యింటిలోనే.

ఏకశరీరమను మాటను పట్టుకొని, ఎడబాటు ఎన్నడును పాపమేయను మేనమామగారి వాదమును అంతే నిర్ణయముగా చెప్పజాలము. 1 కొరింథీయులకు 7:5లో దంపతుల ఎడబాటుకు పౌలు మూడు హద్దులు పెట్టెను: ఉభయుల సమ్మతి, కొంతకాలము, మరల కలిసికొనుట. ప్రార్థనకై యగు ఎడబాటును గూర్చి ఆయన వ్రాసెను, ఉద్యోగమును గూర్చి కాదు. దానిని నేను మరువలేదు. ప్రార్థన కొరకైనను సమ్మతి లేనిది ఎడబాటు కూడదన్నప్పుడు, పటాలపు ఉత్తర్వు కొరకు ఎంత ఎక్కువగా కావలెను! సమ్మతికి ఆయన వాడిన మాట స్వరములు ఏకమగుటను సూచించును. ఒక స్వరము పలికి రెండవది మూగబోయినచో అది సమ్మతి కాదు. నా గడపనొద్ద ఆనాడు జరిగినది అదే.

నల్లపెట్టెలు

వెళ్ల నిశ్చయించినవారికి కొన్ని మాటలు. సైనిక కుటుంబముల ఇనుప నల్లపెట్టెలు మీరు రైలు స్టేషన్లలో చూచియుందురు. మీద తెల్లరంగుతో పేరు, హోదా, యూనిటు వ్రాసియుండును. ఒకదానిలో తెలుగు బైబిలును, పిల్లల తెలుగు వాచకములును పైననే పెట్టుకొనుడు. కేంద్రీయ విద్యాలయములు 1963లో మొదలైనప్పుడు సైనిక స్థావరములందలి ఇరువది రెజిమెంటు పాఠశాలలనే మొదట చేర్చుకొనిరి. బదిలీలపై తిరుగు తలిదండ్రుల బిడ్డలకు ఒకే పాఠ్యక్రమము దొరకవలెననునది వాటి ఉద్దేశము. 1983 నుండి ఆర్మీ సంక్షేమ విద్యాసంఘమును పాఠశాలలు నడుపుచున్నది. చదువు తెగదు. తెలుగు మాత్రము తెగును. దానిని ఇంటనే నేర్పవలెను. లేనిచో నాయనమ్మతో ప్రార్థనలో కూర్చుండిన బిడ్డకు నాయనమ్మ ప్రార్థన అర్థము కాదు.

మీ సంఘము నుండి సభ్యత్వ బదిలీ పత్రము తప్పక తీసికొనుడు. ఏడాదికే గదా యని దానిని మానుకొని, అక్కడ అతిథులుగా వెనుకబల్లమీద కూర్చుండి వచ్చినవారిని ఎరుగుదును. అకుల ప్రిస్కిల్లలు రోమా నుండి వెళ్లగొట్టబడి కొరింథులో నిలిచిరి. అక్కడనుండి ఎఫెసు, మరల రోమా. ఎక్కడ కాపురము పెట్టినను అక్కడ వారి యింట సంఘము కూడెను. ఎన్నాళ్లుందుమో వారికి ముందుగా తెలియదు. అరణ్యములో మేఘము రెండు దినములు నిలిచినను, నెల నిలిచినను, ఏడాది నిలిచినను ఇశ్రాయేలీయులు గుడారములు వేసికొనిరే గాని, మూటలు విప్పకుండ కూర్చుండలేదు (సంఖ్యా. 9:22).

కృష్ణా జిల్లా దంపతులకు నేను ఏ నిర్ణయమును చెప్పలేదు. ఈ లేఖనభాగములను వారితో రెండు సాయంకాలములు చదివితిని. ఆమెతో వేరుగా నా భార్య మాటలాడెను. జీతము లేని సెలవు పెట్టవచ్చునా, పదవ తరగతి బిడ్డను చివరి సంవత్సరములో బడి మార్చవచ్చునా, ముసలామెకు ఆ చలి పడునా అని వారే లెక్కలు వేసికొనిరి. తుదకు ఆమె నిలిచిపోవుటకు నిశ్చయించుకొనెను. ఐతే క్రిస్మసు సెలవులలో అందరును అక్కడికి పోవలెనని, రాత్రి తొమ్మిదింటికి ఫోనులో కుటుంబ ప్రార్థన జరుగవలెనని, పరీక్షలు సమీపించినను ఆయన దానిని తప్పరాదని ఆమె షరతు పెట్టెను. ఆయన ఒప్పుకొనెను. నేను పదునారేండ్ల క్రిందట చెప్పిన సలహాయు, ఈమె చేసిన నిర్ణయమును పైకి ఒక్కటివలె కనబడుచున్నవి. అవి ఒక్కటి కావు.

అటుతరువాత నేను ఆ హవల్దారు భార్యకు జాబు వ్రాసితిని. ఆయన ఇప్పుడు పింఛనుపై నున్నారు. బిడ్డ కళాశాలలో చదువుచున్నది. తొందరపడి మాటలాడితినని, ఆమెను అడుగకపోవుట నా తప్పని ఒప్పుకొంటిని. నెల దినములకు జవాబు వచ్చెను. క్షమాపణ అక్కరలేదని, దేవుడు తమను ఏకముగా నుంచెనని వ్రాసి, చివర ఒక సంగతి చేర్చినది: పుట్టింట నున్న ఆ నెలలన్నిటిలో సంఘము నుండి ఆమె గడప త్రొక్కినది ఒక్క వృద్ధురాలట. ప్రతి శనివారము చెంబుతో మజ్జిగ తెచ్చి, బిడ్డను కాసేపు ఎత్తుకొని, ఏమియు అడుగక, ప్రార్థనచేసి పోవుచుండెడిదట.